హాలి రూపాయి: అసలా, నకిలీనా?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

"పైన పటారం, లోన లొటారం" అన్నారు మన పెద్దలు. పసుపు యార్డులో కొమ్మును విరిచి లోపలి రంగు చూసే వ్యాపారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెరుకు తీపిని గడ పొడవు చూసి చెప్పలేమనీ, రసం తీసి బ్రిక్స్ కొలవాలనీ బోధన్ ప్రాంతపు రైతుకు తెలుసు. కానీ అదే రైతు చేతిలో ఒక పాత నాణెం పెట్టి "ఇది లక్షలు పలుకుతది" అంటే కొమ్ము విరిచిన తెలివి ఎటు పోతుందో తెలియదు. మా యింట్లో జరిగింది అదే.

పోయిన పసుపు సీజనులో మా వూరికి ఒక మనిషి వచ్చాడు. చేతి రుమాలులో చుట్టిన చార్మినారు బొమ్మ రూపాయి ఒకటి చూపించాడు. ఇది ఏడో నిజాం గద్దెనెక్కిన మొదటి ఏటిదనీ, హైదరాబాదులో రెండు లక్షలు పలుకుతుందనీ, తనకు అవసరం పడి పదిహేను వేలకే యిస్తున్నాననీ చెప్పాడు. పసుపు పైసలు మా బాపు అంగీ జేబులోనే వున్నాయి. చెల్లె కాలేజీ ఫీజు, బోరు మోటారు రిపేరు, అన్నీ ఆ పైసల మీదే. బాపు నన్ను పిలిచి, "సైన్సు సదువుతున్నవు గదా బిడ్డా, గిది అసలుదేనా చెప్పు" అన్నాడు. నేను నోరు వెళ్ళబెట్టాను. మూడేళ్ళు చదివిన చదువులో దీనికి జవాబు వున్నదని ఆ క్షణాన నాకు తోచలేదు. "రెండు దినాలు ఆగుమను బాపూ" అన్నాను. అయిదు వందలు ధరావతు తీసుకొని, నాణెం మా దగ్గర వదిలి ఆ మనిషి వెళ్ళాడు.

ఆ రెండు దినాల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

హాలి సిక్కా అంటే ఏమిటి?

నిజాం రాజ్యానికి తన సొంత నాణెం వుండేది. దానిని హాలి సిక్కా అనేవారు. హాలి అంటే ప్రస్తుతం చెలామణీలో వున్నది అని అర్థం. ఇంగ్లీషువారి రూపాయిని మన వైపు కల్దారు అన్నారు. మొదట్లో నిజాం నాణేలు సుత్తి దెబ్బతో ముద్ర వేసినవి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడం చేత రాత సగమే పడేది. 1857 తిరుగుబాటు తర్వాత వాటి మీద మొగలు చక్రవర్తి పేరు పోయి నిజాం పేరు వచ్చింది. 1903లో సైఫాబాదు టంకశాల ఏర్పడి యంత్రాలు వచ్చాక, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినారు బొమ్మ రూపాయి పుట్టింది. 1911లో ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక కూడా అదే బొమ్మ కొనసాగింది. ఒక్క తేడా: చార్మినారు మధ్య ద్వారంలో తండ్రి నాణెం మీద 'మీమ్' అనే అక్షరం, కొడుకు నాణెం మీద 'ఐన్' అనే అక్షరం వుంటాయి. అవి వారి పేర్లలోని మొదటి అక్షరాలు.

1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినప్పుడు నిజాం రాజ్యంలో నడుస్తున్నది ఈ సిక్కానే. మా తాతల తరం చెరుకు పైసల లెక్క అందులోనే చూసుకున్నది. 1950లో భారత రూపాయి వచ్చి పక్కన నిలబడింది. ఏడు హాలి రూపాయలకు ఆరు భారత రూపాయలు మారకం. 1959 నాటికి హాలి సిక్కా పూర్తిగా రద్దయింది. ఆ కర్మాగారం కూడా 2015 డిసెంబరులో మూతపడింది. కానీ వూళ్ళలో సందుగు పెట్టెల అడుగున, దేవుని గూట్లో హాలి రూపాయలు ఇంకా వున్నాయి. వాటి పేరు చెప్పి అమ్మవచ్చే నకిలీలూ వున్నాయి.

మొదటి పరీక్ష: రాతను చదవడం

మనం నాణెం చూస్తాము గానీ చదవము. మోసం సగం అక్కడే దాగుతుంది. ఉర్దూ మీడియంలో చదివిన నా బెంచి మిత్రుడు అరగంటలో నాకు అంకెలు నేర్పాడు. సున్న అంటే వట్టి చుక్క. మన సున్నలా గుండ్రంగా కనబడేది అయిదు. ఇంగ్లీషు 'వి' అక్షరంలా వుండేది ఏడు. దానినే తలకిందులు చేస్తే ఎనిమిది. ఇవి తెలిస్తే చాలు, సంవత్సరం చదవవచ్చు.

చార్మినారు వైపున హిజ్రీ సంవత్సరం, '92' అనే అంకె వుంటాయి. 92 అంటే తేదీ కాదు. మహమ్మదు అనే పేరులోని అక్షరాలకు అబ్జదు లెక్కన వచ్చే మొత్తం: 40, 8, 40, 4 కలిపితే 92. రెండో వైపున 'యేక్ రుపియా' అనీ, హైదరాబాదు టంకశాల పేరూ, నిజాం గద్దెనెక్కి ఎన్నో ఏడో తెలిపే అంకె వుంటాయి. ఈ రెండు అంకెలకూ పొత్తు కుదరాలి. ఉస్మాన్ అలీ ఖాన్ హిజ్రీ 1329లో, రంజాను నెలలో గద్దెనెక్కాడు. కాబట్టి నాణెం మీది హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసివేయండి. వచ్చిన అంకె గానీ, దానికి ఒకటి ఎక్కువ గానీ వెనుక వైపున వుండాలి. 1337 అయితే 8 లేదా 9. 1343 అయితే 14 లేదా 15. ఒకటీ అరా తేడా కనబడితే తొందరపడి నకిలీ అనకూడదు, టంకశాలలోనే పాత అచ్చు, కొత్త అచ్చు జతపడి వుండవచ్చు. కానీ తేడా పెద్దదైతే చెవులు రిక్కించాలి.

ఆ మనిషి తెచ్చిన నాణెం మీద ముందు వైపు 1330 వుంది. వెనుక వైపు 1 గానీ 2 గానీ వుండాలి కదా! అక్కడ తలకిందుల 'వి' వుంది. అంటే ఎనిమిది. 1337 నాటి మామూలు నాణెం నమూనాలో చివరి ఏడును చెక్కి చుక్క పెట్టినవాడు వెనక్కి తిప్పి చూసుకోవడం మరచాడన్న మాట. బాపుకు చెబితే, "ఒక్క అంకెతోని మనిషిని దొంగ అంటమా?" అన్నాడు. న్యాయమే. రెండో పరీక్షకు పోదాము.

రెండో పరీక్ష: తూకం

చార్మినారు రూపాయి తూకం 11.18 గ్రాములు. అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు, తక్కినది ముఖ్యంగా రాగి. ఇంగ్లీషు రూపాయి తూకం 11.66 గ్రాములు, వెండి వెయ్యికి 917 పాళ్ళు. కంసాలి తులం అంటే ఆ రూపాయి బరువే. ఇక్కడ చిన్న లెక్క చేయండి. హాలి రూపాయిలో వెండి 9.14 గ్రాములు, కల్దారులో 10.69 గ్రాములు. ఏడు హాలి రూపాయల వెండి 64.0 గ్రాములు, ఆరు కల్దారుల వెండి 64.1 గ్రాములు. ఏడుకు ఆరు అనే మారకం వెండి లెక్కకు ఎంత దగ్గరగా వుందో చూడండి!

అయితే తూకం ఒక్కటే నమ్మరాదు. చేతులు మారిన నాణెం అరిగి బరువు తగ్గుతుంది. నకిలీవాడు కొంచెం మందంగా పోసి సరైన బరువు తేగలడు. కాటా మీద బండి తూకం వేస్తే ఎంత బరువో తెలుస్తుంది గానీ, ఆ బండిలో చెరుకు ఎంతో, మట్టి ఎంతో తెలుస్తుందా?

మూడో పరీక్ష: నీళ్ళు చెప్పే నిజం

మనమందరం ఇంటర్మీడియేటులో చదివిన ఆర్కిమిడీసు సూత్రం ఇక్కడ పనికి వస్తుంది. సిరక్యూజు రాజు కిరీటంలో కల్తీ వుందా అన్నదే ఆయన ముందున్న ప్రశ్నగా చెబుతారు. మన ప్రశ్న కూడా అదే, వస్తువే చిన్నది.

నాణెం అరిగితే బరువు తగ్గుతుంది, ఘనపరిమాణమూ తగ్గుతుంది. కానీ ఆ రెంటి నిష్పత్తి, అంటే సాంద్రత, మారదు. ఎంత అరిగినా వెండి వెండే. వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. ఒక గ్రాము హాలి వెండిలో 0.818 గ్రాముల వెండి, 0.182 గ్రాముల రాగి. వీటి ఘనపరిమాణాలు కలిపితే 0.0983 ఘన సెంటీమీటర్లు. ఒకటిని దానితో భాగిస్తే 10.17. ఇదే మనకు రావలసిన అంకె. ఇంగ్లీషు రూపాయికైతే 10.34 వస్తుంది. రాగి, తుత్తునాగం, నికెలు కలిపి చేసే జర్మను సిల్వరు అయితే 8.7 దగ్గర నిలుస్తుంది. దాని పేరులో సిల్వరు వుంది గానీ లోపల వెండి చుక్క కూడా లేదు.

చేసే విధానం సులువు. గ్రాములో వందో వంతు చూపే తక్కెడ వుంటే చాలు, కంసాలుల దగ్గర అటువంటివి వుంటాయి.

1. నాణేన్ని పొడిగా తూచి బరువు రాసుకోండి.
2. గాజు గ్లాసులో నీళ్ళు పోసి తక్కెడ మీద పెట్టి సున్నకు తెండి.
3. సన్నని దారంతో నాణేన్ని కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు. గాలి బుడగలు అంటితే కుంచెతో తొలగించండి.
4. ఇప్పుడు తక్కెడ చూపే గ్రాములే నాణెం ఘనపరిమాణం. పొడి బరువును దీనితో భాగిస్తే సాంద్రత.

రీడింగులో వందో వంతు అటూ ఇటూ అయితే జవాబులో పదో వంతు వరకు తేడా వస్తుంది. కాబట్టి మూడుసార్లు చేసి సగటు తీయాలి. 10.1 వచ్చినా, 10.25 వచ్చినా కంగారు పడనక్కరలేదు. 8.7 వస్తే మాత్రం కంగారు పడవలసిందే.

ఒక హెచ్చరిక. 1940లో ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. యుద్ధకాలపు నిజాం రూపాయలలోనూ వెండి తగ్గింది. సగం వెండి, సగం రాగి అయిన నాణేనికి సాంద్రత 9.66 వస్తుంది. ఏ సంవత్సరపు నాణేనికి ఏ అంకె రావాలో ముందు తెలుసుకొని తరువాత తీర్పు చెప్పాలి.

నాలుగో పరీక్ష: భూతద్దం, అయస్కాంతం, చప్పుడు

టంకశాల నాణెం అచ్చు దెబ్బకు పుడుతుంది. నకిలీ సాధారణంగా మూసలో పోసిన లోహం. పోసిన దానికి భూతద్దం కింద ఇసుక రేణువుల వంటి గరుకుదనం, బుడగలు పేలిన చిన్న గుంటలు కనిపిస్తాయి. అక్షరాల అంచులు సబ్బు బిళ్ళ మీది అక్షరాల్లా మొద్దుబారి వుంటాయి. నాణెం చుట్టూ అంచును తప్పక చూడాలి. రెండు మూసలు కలిసిన చోట సన్నని గీత వుంటే, దానిని ఆకురాయితో రాసిన జాడ వుంటే, అనుమానించండి.

వెండిని అయస్కాంతం లాగదు. లాగిందంటే లోపల ఇనుమో నికెలో వున్నట్టు. కానీ దీన్ని గుడ్డిగా వాడితే చిక్కు. పులి బొమ్మ వున్న 1947 నాటి రూపాయిని నికెలుతోనే చేశారు. అసలు నాణెమైతే అయస్కాంతానికి అంటుకొని తీరాలి. దానిని వెండి అని అమ్మేవాడూ తప్పే, అంటుకుందని నకిలీ అనేవాడూ తప్పే.

పూర్వం సాహుకార్లు రూపాయిని బండ మీద వేసి చప్పుడు వినేవారు. వెండి గణగణమంటుంది, పోత లోహం డబ్బుమంటుంది. కానీ అసలు నాణేనికి బీట వున్నా చప్పుడు చెడుతుంది. పైగా బండ మీద వేస్తే అంచు దెబ్బ తింటుంది. ఇది అలవాటైన చెవికే వదలాలి.

చేయకూడనివి

నత్రికామ్లం చుక్క వేసి, దాని మీద ఉప్పు నీరు పోస్తే తెల్లని సిల్వర్ క్లోరైడు వస్తుందని మనం ప్రాక్టికల్సులో చూశాము. కొనబోయే నాణెం మీద ఆ పని చేయవద్దు. అసలైనదైతే పాడు చేసినవాళ్ళమవుతాము. గీటురాయి మీద రాయడమూ అంతే. ఇక చింతపండు, బూడిద పెట్టి తోమడం మన ఇళ్ళలో మామూలు. ఏళ్ళ తరబడి వెండి మీద పట్టిన నల్లని పొరే నాణెం వయసుకు సాక్షి. సేకర్తలు దానికే విలువ ఇస్తారు. తోమితే మెరుపు వస్తుంది, విలువ పోతుంది.

ప్రయోగశాలలో తేలినది

పోల్చడానికి అసలు నాణేలు కావాలి గదా. మా నాయినమ్మ పెట్టెలో నాలుగు హాలి రూపాయలు వున్నాయి. ఆమెకు పెళ్ళినాడు వాళ్ళమ్మ ఇచ్చినవి. ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పసుపు కుంకుమ పెట్టి మళ్ళీ పెట్టెలో దాస్తుంది. బతిమాలి అడిగి తెచ్చాను. మా రసాయన శాస్త్ర అధ్యాపకులు దయతో తక్కెడ వాడుకోనిచ్చారు. ఒక్కొక్కదానిని మూడుసార్లు తూచాము. సగటులు ఇవి:

నాయినమ్మ మొదటి రూపాయి: బరువు 11.15, నీటిలో 1.10, సాంద్రత 10.14.
రెండవది: 11.09, 1.09, సాంద్రత 10.17.
మూడవది: 11.02, 1.09, సాంద్రత 10.11.
నాలుగవది: 10.62, 1.19, సాంద్రత 8.92.
అమ్మవచ్చినది: 10.94, 1.25, సాంద్రత 8.75.

చివరిది జర్మను సిల్వరు పోలిన లోహం. అంకెల తప్పు, తూకం తేడా, సాంద్రత, అంచున ఆకురాయి గీతలు, నాలుగూ ఒకే మాట చెప్పాయి. బాపు పదిహేను వేలు దక్కాయి. ఆ మనిషి మళ్ళీ రాలేదు. మా అయిదు వందలూ రాలేదు.

కానీ నా చెయ్యి ఆగింది నాలుగవ దాని దగ్గర. పొరబాటేమోనని ఇంకో మూడుసార్లు చేశాను. అదే అంకె. 8.92 అంటే రాగికి దగ్గర. భూతద్దంతో చూస్తే చార్మినారు మీనారుల కొసల మీద ఎర్రదనం వుంది. ఇన్నేళ్ళూ మేమంతా అది పూజ కుంకుమ అనుకున్నాము. అది పైపూత అరిగి బయటపడ్డ రాగి. అంటే ఖోటా రూపాయి ఈనాటి సంగతి కాదు. అది చెలామణీలో వున్న రోజుల్లోనే ఎవరో చేసి వదిలిన సరుకు. అది ఏ లెక్కలోనో మా ముత్తవ్వ చేతికి వచ్చి వుంటుంది. అలా చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఇంగ్లండులో ఐజాక్ న్యూటను అంతటివాడు 1696లో టంకశాల అధికారి అయ్యాక దొంగ నాణేలవాళ్ళ వెంట పడవలసి వచ్చింది. షాలొనరు అనేవాడిని 1699లో వురి తీసేదాకా ఆ కథ ముగియలేదు.

ఇక్కడ ఈ పరీక్షల హద్దు కూడా చెప్పాలి. సాంద్రత తప్పితే నకిలీ అని గట్టిగా చెప్పవచ్చు. సాంద్రత సరిపోయినంత మాత్రాన అసలైనది అనలేము. సరైన పాళ్ళలో వెండి కరిగించి పోసినవాణ్ణి నీళ్ళు పట్టలేవు, భూతద్దం పట్టాలి. అసలు నాణెం మీదనే ఒక అంకె మార్చినవాణ్ణి రెండూ పట్టలేవు, చరిత్ర పట్టాలి. 1911 నాటి అయిదవ జార్జి రూపాయినే చూడండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా వుందని గోల లేచి చాలా నాణేలను కరిగించివేశారు. తరువాత ఏనుగును సరిదిద్దారు. అందుకే 1911 రూపాయికి గిరాకీ. ఎవడైనా 1917లోని ఏడును ఒకటిగా గీకినా, ముందు వైపున సరిదిద్దిన ఏనుగు వాణ్ణి పట్టిస్తుంది.

నాణెం కన్నా ముందు మాట

అమ్మేవాడు నాణెంతో పాటు ఒక కథ కూడా అమ్ముతాడు. దాన్ని కూడా తూచాలి. "దున్నుతుంటే కుండ దొరికింది" అన్నాడనుకోండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచరు భూమిలో రాగి బిందెలో నగలు దొరికితే అధికారులు స్వాధీనం చేసుకున్నది మనమంతా చూశాము. కాబట్టి కుండ కథ అబద్ధమైతే నాణెం అబద్ధం, నిజమైతే అమ్మకం నేరం. ఏ విధంగా చూసినా మనం కొనరాదు. అలాగే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే. అటువంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం మామూలు మనుషులకు నిషేధం. మా నాయినమ్మ 1337 నాటి రూపాయి కూడా నూరేళ్ళు దాటింది.

"పాత నాణెం ఇవ్వండి, లక్షలు ఇస్తాము, ముందు కమీషను కట్టండి" అనే ఫోన్లను గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇక ధర సంగతి. మామూలు చార్మినారు రూపాయలు లక్షలాదిగా తిరిగినవి, అరుదైనవి కావు. ఆనాటి వెండి ధరను 9.14 గ్రాములతో గుణించండి, అది అడుగు ధర. దానికి ఎన్నో రెట్లు అడిగినవాడు, ఏ కారణం చేత ఇది అరుదో చెప్పాలి. రశీదు ఇవ్వనివాడు, పరీక్షకు వదలనివాడు, "సాయంత్రంలోపు చెప్పాలి" అని తరిమేవాడు, ముగ్గురూ ఒక బాపతే. నిజమైన నాణెం నూరేళ్ళు ఆగింది, ఇంకో రెండు దినాలు ఆగలేదా?

అసలువి కళ్ళారా చూడదలచినవారికి నిజామాబాదు తిలక్ గార్డెనులో పురావస్తు ప్రదర్శనశాల వుంది. హైదరాబాదు సైఫాబాదులో పాత టంకశాలలోనే 2022లో నాణేల మ్యూజియం తెరిచారు. అసలును నూరుసార్లు చూసిన కన్ను నకిలీని ఒక్కసారిలో పడుతుంది.

నాయినమ్మకు నాలుగవ రూపాయి సంగతి చెప్పాలా వద్దా అని వారం రోజులు తన్నుకున్నాను. చివరకు చెప్పాను. ఆమె దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "మా అమ్మ ఇచ్చింది గద. నేనేమన్న అమ్మెతందుకు పెట్టుకున్ననా?" అని తక్కిన మూడింటితో కలిపి మూట కట్టింది. నేను మాత్రం నా రికార్డు పుస్తకంలో 8.92 అనే అంకెను కొట్టివేయలేదు. ఆమె మాటా నిజమే, తక్కెడ మాటా నిజమే. కొనబోయేటప్పుడు మాత్రం తక్కెడ మాటే వినాలి.

మిత్రులలో ఎవరి ఇంట్లోనైనా హాలి సిక్కాలు వుంటే ప్రాక్టికల్సు అయ్యాక ప్రయోగశాలకు తీసుకురండి, కలిసి తూచుదాము. అమ్మవచ్చిన ఆ దొంగ రూపాయి కూడా నా దగ్గరే వుంది, పోల్చి చూడడానికి పనికి వస్తుంది. ఒక్క మనవి: దయచేసి మీవి తోమి తేకండి.